మీటరు మోసపోకుండా తీసిన ఫోటో

చీరాలలో ఫోటో స్టూడియో నడిపే ముగ్గురు అన్నదమ్ములకు తమ తెలివి మీద మహా నమ్మకం. పెద్దవాడు వీరరాఘవులు, నడిమివాడు శోభనాద్రి, చిన్నవాడు భూషణం. ఊళ్ళో మిగతా ఫోటోగ్రాఫర్లు వెలుతురును కళ్ళతో అంచనా వేసేవాళ్ళు. వీళ్ళు మాత్రం వెలుతురు కొలిచే మీటరును అరచేతిలో పట్టుకుని, సూది ఎంత చూపిస్తే కెమెరా అంతకే తిప్పేవాళ్ళు. కళ్ళు పొరబడతాయి గాని సూది పొరబడదని శోభనాద్రి వచ్చినవాళ్ళందరికీ బోధించేవాడు.

అయితే నిరుడు హైస్కూలు హెడ్మాస్టరు నరహరి గారు తెల్ల పంచె, తెల్ల లాల్చీతో కూర్చుంటే, ఫోటోలో బొగ్గుల కొట్టులోంచి లేచి వచ్చినట్టు పడ్డారు. ఇప్పుడాయన రిటైరవుతున్నారు. బడి గోడకు ఫోటో కావాలి. ఈసారి చెడితే పిల్లల గ్రూపు ఫోటోలన్నీ ఇంకొకరికి పోతాయని చెప్పి వెళ్ళారు. అవి పోతే స్టూడియోకు తాళమే.

శోభనాద్రి మీటరును విజయవాడలో రిపేరు చేసే మస్తాన్ గారి దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయన పరీక్షించి, మీటరు నిక్షేపంగా ఉందన్నారు.

"దీనికి రంగులు తెలియవు నాయనా. ఏది చూపించినా బూడిద రంగే అనుకుంటుంది. తెల్లబట్ట చూపిస్తే వెలుతురు ఎక్కువుందని మోసపోతుంది, ఫోటో నల్లబడుతుంది. బూడిద రంగుదాన్ని చూపించు, నిజం చెబుతుంది."

శోభనాద్రి బస్సులో దారిపొడవునా సిగ్గుతో చచ్చిపోయాడు. నోరులేని మీటరును ఇన్నేళ్ళు మోసం చేసిన పాపిష్టివాళ్ళం అనుకున్నాడు. ఇంకేముంది, రాగానే పొయ్యిలో బూడిద ఎత్తించాడు. వెనక తెరకు పూశారు, కుర్చీకి పూశారు. చాలక వీధిలో పొయ్యిలన్నీ ఊడ్చుకొచ్చారు.

మర్నాడు నరహరి గారు ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి కూర్చున్నారు. అంతే, ముగ్గురూ బూడిదతో మీద పడ్డారు. ఆయన ఇదేమిటయ్యా అంటే, మీటరు మోసపోకుండా అన్నారు. నిరుటి బొగ్గు గుర్తొచ్చి ఆయన ఓర్చుకున్నారు. పంచె, లాల్చీ, ముఖం, మీసం అన్నీ అయ్యాయి. కళ్ళు తెరిస్తే తెల్లగుడ్డు బయటపడుతుందని మూసే ఉంచమన్నారు. ఇక మీటరు ఎటు పెట్టినా సూది ఒక్కచోటే నిలిచింది.

ఫోటో కడిగితే కాగితమంతా ఒకే బూడిద రంగు. ఇందులో సారేరిరా అని వీరరాఘవులు కంగారుపడ్డాడు. శోభనాద్రి మీటరును కాగితం మీద పెట్టి, సూది సరిగ్గానే ఉందని ధైర్యం చెప్పాడు.

నరహరి గారు స్నానం చేసి వచ్చి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేనెక్కడయ్యా?"

"సూది ఉన్నారనే అంటోంది సార్."

సాయంత్రమే సన్మానం. ఆయన పళ్ళు నూరుకుని, ఇంకొక్కటి తీయమన్నారు. తన ఒంటి మీద చెయ్యి పడితే ఊరుకోనన్నారు.

శోభనాద్రి లెంపలు వేసుకున్నాడు. తప్పు ఒప్పుకోవడంలో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వెనకాడరు.

"మా అంత వెర్రివాళ్ళు జిల్లాలో లేరు సార్. చూసేది కెమెరా అయితే మీకు పూయడమేమిటి?"

ఆ మాటకు నరహరి గారి ప్రాణం కుదుటపడి, తృప్తిగా నవ్వు ముఖం పెట్టి కూర్చున్నారు. శోభనాద్రి మిగిలిన బూడిద గుప్పెడు తీసుకుని, కెమెరా అద్దానికి మెరుపన్నది లేకుండా దట్టంగా పట్టించాడు.

"ఇప్పుడు కళ్ళు కూడా తెరవచ్చు సార్."

కుర్చీ అప్పటికే ఖాళీ. అయినా శోభనాద్రి మీట నొక్కాడు. అంత శ్రద్ధగా పూసింది వృథా పోకూడదు కదా.