మూడు తాళాల హోటల్

సాలూరులో లారీలు ఆగే రోడ్డు మీద ఇడ్లీ హోటల్ నడిపే అప్పలకొండకు, కడుపో మనసో నిండితే చాలు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు హోటల్ ఇచ్చేస్తానని మాటిచ్చే జబ్బు ఉండేది.

ఆ ఇడ్లీలు అలాంటిలాంటివి కావు. గాలికి ఎగిరిపోతాయేమోనని జనం పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టుకుని తినేవారు. ఒడిశా కొండలు దిగే లారీలు ఆ వాసనకు వాటంతట అవే బ్రేకు వేసుకునేవి.

కొడుకు గురునాయుడు కొత్త పంచె తెస్తే, "నా తదనంతరం హోటల్ నీదేరా" అన్నాడు అప్పలకొండ. కూతురు దాలమ్మ కాళ్ళు నొక్కితే, "నీదేనమ్మా, అన్నకి చెప్పకు" అన్నాడు. మేనల్లుడు సూరిబాబు చందువా చేప తెస్తే, పళ్ళలో ముల్లు తీసుకుంటూనే చేతిలో చెయ్యి వేసేశాడు.

"నోటిమాట కాదు, రాసి పెట్టండి" అని రోజూ ఇడ్లీ తినడానికొచ్చే ప్లీడరు విశాలాక్షి గారు చెబుతూ ఉండేది.

"వీలునామా రాస్తే యముడికి చిరునామా ఇచ్చినట్టే గదమ్మా" అని ఆయన నవ్వేసేవాడు.

ఒకరోజు పనసపొట్టు కూర పీకల దాకా తిని, గల్లాపెట్టె మీదే వాలిపోయాడు. భార్య నారాయణమ్మ ఆయన్ని విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూశాడు. "గుండె గుండ్రాయిలా ఉంది. ఇదంతా పనసకాయ చేసిన పని" అని మర్నాడు పొద్దున్నే పంపించేశాడు.

తిరిగొచ్చి చూస్తే హోటల్ షట్టరుకు మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఒక్కోటీ కొబ్బరికాయంత ఉంది.

"ఇదేటి?" అన్నాడు అప్పలకొండ.

"నాకు మాటిచ్చావు గదా నాన్నా. ఇంకెవరైనా వచ్చి కూచుంటారేమోనని వేశాను" అన్నాడు గురునాయుడు.

"నాకూ ఇచ్చాడు" అంది దాలమ్మ.

"చేప తిన్నరోజు నా చేతిలో చెయ్యేసింది ఎవరు మావా?" అన్నాడు సూరిబాబు.

ముందు నువ్వు తియ్యంటే నువ్వు తియ్యి అని వాదులాడుకున్నారు. తాళం తీస్తే హక్కు పోతుందని ముగ్గురికీ భయం. ఆకలిమీదున్న లారీలు ఒడిశా దాకా బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. చివరికి దాలమ్మ అన్నవైపు చూడకుండా, "ఇక నీ గుమ్మం తొక్కను" అంది. అప్పుడు జారింది అప్పలకొండ గుండె, నిజంగా.

ఇంతలో కమ్మగా ఇడ్లీ వాసన వచ్చింది. డ్రైవర్లంతా హోటల్ వెనక్కి పరుగెత్తారు. అప్పలకొండా వెళ్ళాడు. దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. లోపల నారాయణమ్మ ఇడ్లీలు దించుతోంది.

"నిన్న రుబ్బిన పిండి పులిసిపోదా మరి?" అంది.

"అందరూ తాళాలేశారు. నువ్వెందుకు వెయ్యలేదే?"

"నాకు నువ్వు ఏ మాటా ఇవ్వలేదు గదా. తాళం కొనే పని తప్పింది."

అప్పలకొండ ఆమె చేతుల వైపు చూశాడు. ఊరందరికీ పంచిపెట్టిన హోటల్లో, పిండి రుబ్బిన చేతికి చారెడు చోటు కూడా ఇవ్వాలనుకోలేదు తను. అక్కడే పీట మీద ఇడ్లీ తింటున్న విశాలాక్షి గారి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, యముడికి నా చిరునామా ఎప్పుడో తెలుసు. నా మనసులో ఏముందో తెలియనిదల్లా నా పిల్లలకే. రాసేద్దాం."

పిల్లల్ని పిలిచి, ఎవరికేం కావాలో మొదటిసారి అడిగాడు. గురునాయుడు బుర్ర గోక్కున్నాడు. "నాకు పొయ్యి ముందు కూచోడం రాదు నాన్నా. నా లారీ నిలుపుకోడానికి పక్కనున్న మన ఖాళీ జాగా చాలు."

"నాకు రోజూ ఇడ్లీ దొరికితే చాలు మావా" అన్నాడు సూరిబాబు.

"నాకు అమ్మ పక్కన నిలబడి ఇడ్లీ వెయ్యడం నేర్చుకోవాలనుంది" అంది దాలమ్మ.

హోటల్ ముందు నారాయణమ్మకు, ఆమె తర్వాత దాలమ్మకు, ఖాళీ జాగా గురునాయుడికి, బతికినంతకాలం ఇడ్లీ సూరిబాబుకు అని రాయించాడు. వాటాలేని ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, రిజిస్టరు చేయించి, అందరికీ తనే చదివి వినిపించాడు. "మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు" అంది విశాలాక్షి గారు.

ముగ్గురూ ఒకేసారి తాళాలు తీశారు. వాటిలో పెద్దది నారాయణమ్మ ఊరగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకుంది. అప్పలకొండ ఆ తర్వాత ఎంతకాలం బతికాడంటే, యముడు చిరునామా పారేసుకున్నాడేమోనని ఊరంతా అనుకునేది.

నీతి: ఆస్తిని నోటిమాటతో పదిమందికి పంచితే తగువే మిగులుతుంది, పక్కనున్న మనిషిని ముందు తలుచుకుని, అందరికీ తెలిసేలా బతికుండగానే రాసిపెడితే కుటుంబం మిగులుతుంది.