ఎర్రమట్టి ఎక్కుడు

కొండ దిగువ షెడ్డులో ఉస్తాద్ ఖాసింపీరు బేరింగు కడుగుతుంటే, శిష్యుడు లచ్చన్న వచ్చి బండి తాళం ఆయన ముందు పెట్టాడు.

"ముందు చక్రాల ఇరుసు విప్పి, లోపల గేర్లకి వెల్డింగు కొట్టేయండి ఉస్తాద్. రెండు చక్రాలూ ఒక్కలాగే తిరగాల. కాదంటే తాళం మీరే ఉంచీసుకోండి. నేనింక బండెక్కను."

"టీ తాగుతావా?"

"ముందు ఇది తేల్చండి."

కొండమీది గూడేలన్నిటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పికప్పే. నాలుగు చక్రాలూ లాగే బండి. అల్లం బస్తాలు సంతకు చేర్చేదీ అదే, మనిషికి ప్రాణం మీదికొస్తే ఆస్పత్రికి చేర్చేదీ అదే. దాన్ని నడపడం వచ్చినవాడు లచ్చన్న ఒక్కడే.

వానలు మొదలైన రోజుల్లో గూడెంలోని చిలకమ్మని పురిటినొప్పులతో బండి వెనక పడుకోబెట్టారు. గెడ్డ దాటాక, వాగు ఒడ్డునే నిటారుగా ఎర్రమట్టి ఎక్కుడు ఉంది. అక్కడ ముందు చక్రాల్లో ఒకటి పిచ్చెక్కినట్టు తిరుగుతుంటే, రెండోది రాయిలా నిలబడిపోయింది. లచ్చన్న ఎంత తొక్కితే అంత బురద చిమ్మింది. వెనక మూలుగు ఆగిపోయాక గానీ అతను కాలు తియ్యలేదు.

చిలకమ్మ పోయినా గూడెంలో ఎవరూ లచ్చన్నని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చిలకమ్మ మొగుడైతే ఎదురుపడి, "తిన్నావా లచ్చన్నా?" అని అడిగాడు. ఆ మాట ముల్లులా దిగి ఇరిగిపోయింది.

ఆ తరవాత లచ్చన్న చెయ్యనిది లేదు. పెద్ద గాడులున్న టైర్లు వేయించాడు. వాటిల్లో గాలి తగ్గించి చూశాడు. ముందు బరువుంటే పట్టు దొరుకుతుందని బంపరుకి ఇసక బస్తా కట్టాడు. ఎంత చేసినా ఆ ఎక్కుడు చూస్తే చాలు, బండి ఆపేస్తున్నాడు. గూడెంలో ఇంకో పిల్లకి నెలలు నిండాయి.

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు.

"వెల్డింగు కొడితే రెండూ కలిసే తిరుగుతాయి. మలుపులో బండి మాత్రం తిరగదు. నువ్వు స్టీరింగు ఇటు తిప్పితే అది లోయకేసి చూస్తుంది."

"పడితే పడనీండి. నాతోనే పోద్ది."

"నీతో పోనీలే. వెనకున్న అల్లం బస్తాలేం పాపం చేశాయిరా?"

లచ్చన్న నవ్వలేదు. ఉస్తాద్ కూడా నవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, "పద" అన్నాడు.

ఎక్కుడు దగ్గరకి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. ఉస్తాద్ లచ్చన్నని కిందికి దించేసి, తను స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

"నన్ను చూడకు. చక్రాల్ని చూడు."

బండి సగం ఎక్కి ఆగింది. అదే చక్రం జారింది. రెండోది అలాగే నిలబడింది. 

"తొక్కండి ఉస్తాద్!" అని లచ్చన్న అరిచాడు.

ఉస్తాద్ ఇంకా తొక్కలేదు. కుడికాలు ఉన్నచోటే ఉంచి, ఎడమకాలు బ్రేకు మీద ఆనించాడు. నిద్రపోతున్న బిడ్డ మీద చెయ్యేసినట్టు ఆనించాడు, అంతే. వెనక బ్రేకు లైటు వెలిగింది. పిచ్చిగా తిరిగే చక్రం నెమ్మదించింది. రాయిలా ఉన్నది కిర్రుమని కదిలింది. బండి మెల్లగా, ముసలెద్దు ఎక్కినట్టు, పైకెక్కేసింది.

లచ్చన్న బండి వెనకే పైకి పరిగెత్తాడు.

"బ్రేకా? ఎక్కాలంటే బ్రేకేస్తారా ఎవరైనా?"

"జారేదాన్ని కాస్త పట్టుకుంటే, దాని బలం నిలబడ్డదానికి పోతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" లచ్చన్న ఆయన మీదికి వెళ్ళిపోయాడు. "ఇన్నేళ్ళు మీ కాళ్ళకాడ ఉన్నాను. ఎందుకు చెప్పలేదు ఉస్తాద్?"

"చెప్పాను బేటా. అప్పుడు నీ బండి ఇరుక్కోలేదు."

లచ్చన్న బురదలోనే కూలబడ్డాడు.

"అయితే ఆ రోజు నేను బ్రేకు ఆనించుంటే..."

 ఉస్తాద్ అతని ఏడుపు అయ్యేదాకా వానలో తడుస్తూ నిలబడ్డాడు. తరవాత బండిని వెనక్కి కిందికి దించి, దిగి, వెనకవైపు ఎక్కి, తడిసిన చెక్కల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"అక్కడెందుకు ఉస్తాద్? ముందుకి రండి."

"నేను మూలుగుతుంటాను. నువ్వు నడుపు."

"నావల్ల కాదు."

"మూలుగు పెరిగినా సరే, నీ కాలు తొందరపడకూడదు. ఎక్కు."

లచ్చన్న ఎక్కాడు. వెనక ముసలాయన మూలుగు మొదలైంది. వినడానికి అబద్ధంలా లేదు. చక్రం జారగానే లచ్చన్న కాలు దానంతట అదే గట్టిగా తొక్కేసింది. అద్దం మీదంతా బురద.

ఠక్కున మూలుగు ఆగిపోయింది.

లచ్చన్న కాలు తీసేశాడు. బండిని కిందికి జారనిచ్చి మళ్ళీ మొదటినుంచి పట్టాడు. కళ్ళకి దారి ఆనడం లేదు. ఎడమకాలు బ్రేకు మీదికి వెళ్ళి, మెత్తగా ఆనింది.

పైకి చేరాక దిగి వెనక్కి పరిగెత్తాడు. ఉస్తాద్ మొహం మీద వాన పడుతోంది. కళ్ళు మూసుకునే అడిగాడు.

"బతికానా?"

లచ్చన్న వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చుని, ఇంకోసారి ఎక్కించడానికి బండిని కిందికి దించాడు.