వల వాటా నోము కథ

పూర్వమొకప్పుడు సముద్రతీరమున తపస్సు చేయుచున్న మితవ్రత మహామునిని కణధర మహర్షి దర్శించి, "స్వామీ, నలుగురు కూడి సొమ్ము పోగుచేసి వ్యాపారము పెట్టినచో, ఏడాది తిరుగకుండనే జుట్లు పట్టుకొనుచున్నారు. వారు తరించు నోమేదైనను గలదా?" అని అడిగెను. ముని నవ్వి, గంగమ్మతల్లి దేముడమ్మకు ఉపదేశించిన వల వాటా నోమును చెప్పదొడగెను. అమ్మలారా, అక్షింతలు చేత పట్టుకొని వినుడు. వంటింటి సంగతి తరువాత చూచుకొనవచ్చును.

గవ్వలపాలెమను పల్లెలో దేముడమ్మ యను ఇల్లాలు గలదు. తట్టలో చేపలమ్ముకొను ఆమె, ఇరుగుపొరుగు ఆడవారిని కూడగట్టి, కాళ్ళ కడియములు, చెవుల కమ్మలు అమ్మించి, ఆ మూలధనముతో ఒక పడవను, వలను కొనెను. ఎవరెంత పెట్టిరో వారికంత వాటా. ఆ తీరమున ఒక ఆచారము గలదు. అమ్మకపు సొమ్ములో పడవ నడుపు కలాసీల కూలి, డీజిలు ఖర్చు పోగా, నానాటికి చివుకుచున్న వలకని కొంత తీసిపెట్టి, ఆపైన మిగిలినదే లాభమని పంచుకొందురు.

ఆ యేడు వేట బాగుగా సాగెను. గంగమ్మ పండుగనాడు వాటాదారులందరును దేముడమ్మ వాకిట చేరిరి. ఆమె ఆడబిడ్డ పైడమ్మ చేతులు త్రిప్పుచు, "ఓలమ్మా, వలేటి కూడు తింటాదేటి, దానికో వాటా? అదీ పంచీ వొదినా!" అనెను. దేముడమ్మకు నలుగురిలో మంచి అనిపించుకొనవలెనని ఆశ పుట్టెను. అయ్యో, పొగడ్తకు పడనివారెవరు! వల వాటా కూడ పంచిపెట్టెను. అందరును ఆమెను ఆకాశమునకెత్తిరి. చీరలు కొనిరి, కోళ్ళు కోసిరి.

మరుసటి యేడు వల పీలికలయ్యెను. కొత్త వలకు చిల్లిగవ్వ లేదు. చేపల షావుకారు అప్పిచ్చెను గాని, పట్టినదెల్ల తాను చెప్పిన ధరకే తనకమ్మవలెననియు, పై పండుగకు అప్పు తీరనిచో పడవ తనదేననియు కట్టడి చేసెను. పొగడిన నోళ్ళే తిట్టిపోసినవి. తన మాట నమ్మి కడియములమ్ముకొన్నవారి ముఖము చూడలేక దేముడమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చెను.

అప్పుడు గంగమ్మతల్లి వల అల్లు ముసలిదాని రూపమున వచ్చి ప్రక్కన కూర్చుండి, "ఏటే పిల్లా, సేతిలో పడిందల్లా లాబమనుకున్నావేటి? వల రోజూ కొంచెం సస్తాది. సచ్చినంతా తీసి దాసినాక మిగిల్నదే లాబం. మిగల్నేదా, నేదని మొకమ్మీదే సెప్పు" అనెను. ప్రతి శుక్రవారము కలశమున ముందు వల వాటా వేసి, పిదప అప్పు కట్టి, మిగిలినదే పంచవలెననియు, ఉన్నదంతయు ఒక్క పడవమీదనే పెట్టక కొంత ఎండుచేపల బేరమున పెట్టవలెననియు చెప్పి మాయమయ్యెను.

దేముడమ్మ అట్లే నోము పట్టెను. మొదటి శుక్రవారము అందరి యెదుట నిలిచి, "ఈ వారం పంచడానికేటీ నేదమ్మా" అని చెప్పెను. పైడమ్మ దుమ్మెత్తి పోసెను. ఆ పై వారమును అదే మాట, అదే తిట్టు. అయినను ఆమె కలశము మీద చేయి వేయనీయలేదు. వేట పడని వారములలో ఎండుచేపలు కూడు పెట్టెను. పండుగ రాకమునుపే అప్పు తీరెను. పిదప కొద్దికొద్దిగా లాభము పంచసాగిరి.

అంతలో తుఫాను వచ్చి పల్లెలోని వలలన్నిటిని మ్రింగెను. తక్కినవారు షావుకారు గుమ్మమున చేతులు కట్టుకొని నిలిచిరి. దేముడమ్మ మాత్రము కలశము వంచి, ఎవరిని దేహి యనక కొత్త వల తెచ్చెను. సముద్రము తేరుకొనగానే అందరికన్న ముందు వారి పడవయే కదలెను. పైడమ్మ వదినను కౌగిలించుకొని, "నేదని సెప్పినావనే గదా నిన్నాడిపోసుకున్నాను వొదినా! ఆ నేదన్న మాటే మన పడవని కాసింది" అని భోరున ఏడ్చెను.

కావున ఓ కణధరా, కొట్టు పెట్టినవారు, కూడి కంపెనీ నడుపువారు, షేర్లు కొని పొద్దస్తమానము ధర చూచుకొనువారు, చీటీ పాడిన సొమ్ము నేమి చేయుదమా యని తలచువారు ఈ నోము నోచవలెను. నోచినవారి మూలధనము చెక్కుచెదరదు, అప్పు దరిజేరదు, కంటికి నిదుర పట్టును. నా నోరెక్కడైన తడబడియుంటే తల్లి మన్నించుగాక. అక్షింతలు తల్లిపై చల్లుడు. ఎవరికైనను లేదని చెప్పవలసియుండి చెప్పలేక దాచుకొన్నవారు మీలో ఉన్నచో, ఇంటికి పోగానే చెప్పుడు. తల్లి మీ ప్రక్కనే కూర్చుండును.