ఎంగిలి అనే పేరు

గుండ్లకొండ గుహలో ముత్తలోడని ఒక రక్కసుడు ఉండేవాడు. ఒళ్లొకటే, కడుపొకటే, తలలు మాత్రం మూడు. లేతమాంసమంటే ప్రాణం, లేచి నడవాలంటే బద్ధకం. అందుకని వేటాడేవాడు కాదు, కూర్చున్నచోటి నుంచే పిలిచేవాడు.

కొండ కింది జంతువులకి ఒక పాత కట్టుబాటుంది. పొద్దుగూకాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుకి గానీ పలకకూడదు. గాలీ ధూళీ అయితే ఒక నోటితో ఒక్కసారే పిలుస్తుందని పెద్దలు చెప్పారు. నిజమే, కానీ వీడికి నోళ్లు మూడాయె. తలకొక పిలుపు చొప్పున మూడూ పూర్తిచేసేవాడు. పలికినవాళ్ల కాళ్లు వాళ్ల మాట వినకుండా కొండెక్కిపోయేవి. పైగా ఆ కడుపులో ఆఖరున ఎవరు పడితే వాళ్ల గొంతే మూడు నోళ్లకీ వచ్చేది.

చుక్కమ్మ అనే మేక కొడుకు సింగడు అలాగే పోయాడు. తర్వాత సింగడి గొంతుతో తెల్లటి బొచ్చున్న కూతురు ముత్యానికి పిలుపొచ్చింది. అన్న పిలుస్తున్నాడమ్మా అని అది నవ్వుతూ వెళ్లిపోయింది. చుక్కమ్మ కొమ్ములడ్డం పెట్టినా ఆగలేదు.

మూడో పిల్ల పుట్టింది. ఏడ్చి ఏడ్చి ఉన్న చుక్కమ్మకి పేరు పెట్టడానికి మనసొప్పలేదు. విచిత్రంగా కొండ మీంచి పిలుపూ రాలేదు. అప్పుడు తట్టింది ఆమెకి, పేరు తెలియందే వాడు పిలవలేడని. ఆ సంగతి అందరికీ చెప్పింది. అడవిలో అందరూ పిల్లలకి పేర్లు పెట్టడం మానేశారు. కొండ మీద రక్కసుడికి పస్తులు మొదలయ్యాయి. వింతేమిటంటే, కొండ కింద జంబయ్య నక్క కూడా చిక్కిపోసాగాడు.

ఒకరోజు జంబయ్య పరామర్శకొచ్చాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, కన్నీళ్లు తుడుచుకుంటూనే పసిదాని పేరడిగాడు. చుక్కమ్మ చూపు వాడి నోటి మీద నిలిచిపోయింది. పళ్ల సందున తెల్ల వెంట్రుకొకటి ఇరుక్కుని ఉంది. ముత్యానిది. పేర్లు మోసినందుకు వాడికి దక్కే కూలి ఆ రక్కసుడి ఎంగిలేనని ఆమెకి అర్థమైంది. అయినా ఏమీ ఎరగనట్టే చెప్పింది.

"ఇద్దర్ని పోగొట్టుకున్నదాన్ని కదన్నా. దీన్ని ఎంగిలాకుల మీద దొర్లించి, ఎంగిలి అని పెట్టుకున్నా."

"మంచిపని చేశావు చెల్లెమ్మా. అలాంటి పేరుంటే చావు కూడా ముట్టుకోదు" అన్నాడు జంబయ్య.

పిల్లలు దక్కనివాళ్లు పెంటయ్య, పుల్లమ్మ అని పెట్టుకోవడం ఎరిగినవాడే కాబట్టి అనుమానపడలేదు. పేరు కొండెక్కించి, తన వాటా కోసం గుహ కింద నడుం వాల్చాడు. ఆకలి మీదున్నవాడికి కునుకు పట్టేసింది.

మునిమాపు వేళ మంచు దిగింది.

"ఎంగిలీ."

ముత్యం గొంతు. చుక్కమ్మ పలకబోయి నాలుక కరుచుకుంది. పొదుగు దగ్గరున్న పిల్ల చెవైనా కదపలేదు. ఆ పేరు తనదని దానికెవరు చెప్పారు గనక? రెండో తల పిలిచింది. మూడోది పిలిచింది.

గుహ కింద జంబయ్య ఉలిక్కిపడి లేచాడు. నిద్రమత్తులో పేరు గుర్తు రాలేదు, ఆకలి గుర్తొచ్చింది.

"ఇదిగో, వస్తున్నా."

అంతే, కాళ్లు కదిలాయి. "నేను కాదు, నేను కాదు" అని వాడు మొత్తుకోవడం మంచులోంచి కిందిదాకా వినిపించింది. కాసేపటికి అదే మాట, అదే గొంతు, మూడు నోళ్లలోంచి ఒక్కసారిగా వచ్చింది.

"నేను కాదు, నేను కాదు."

ఆ తర్వాత ముత్తలోడు ఆకలికి తాళలేక ముసలీ ముతకా అందర్నీ పేరుపేరునా పిలిచాడు. పేర్లు అమ్ముకున్న నక్క గొంతుకి పలికేదెవరు? రోజురోజుకీ పిలుపు సన్నగిల్లి, చివరికి ఆగిపోయింది.

చుక్కమ్మ మాత్రం పొద్దుగూకితే కొండవైపు చెవి పెట్టి నిలబడేది. ముత్యం గొంతు ఇక ఏ నోట్లోంచీ రాదు. అది తెలిశాక ఆమె ఇంకోసారి ఏడ్చింది.

నీతి: ఎంగిలికి ఆశపడి ఊడిగం చేసేవాడు ఏదో ఒకనాడు ఆ విస్తట్లోనే కూరవుతాడు.