వాలు వీధిలో అడ్డుచెక్క

కాళహస్తాచారిగారిని ప్రశ్న అడగడం అంత తేలిక కాదు. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పరు. అడిగిన మనిషిని ఎగాదిగా చూసి ఏదో ఒక పని పురమాయిస్తారు. మోక్షమంటే ఏమిటండీ అని అడిగిన ఒక పెద్దమనిషి చేత మధ్యాహ్నం దాకా తలుపుచెక్కకి చిత్రిక పట్టించారు. ఆయనకి మోక్షం అర్థమైందో లేదో స్వామికే తెలియాలి గానీ, తలుపు మాత్రం అద్దంలా తేలింది.

సింగరాద్రి కొండ దిగువ ఊళ్ళో ఆచారిగారిది వడ్రంగం. సాయంత్రం పనిముట్లు సర్దేసి, కాళ్ళు కడుక్కుని, అదే వసారాలో పురాణం చెబుతారు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. లక్ష్మీనరసింహస్వామి రథానికి అడ్డుచెక్క వేసే కైంకర్యం వాళ్ళ వంశానిది. అయ్యలారా, అమ్మలారా, మీలో రథోత్సవం చూడనివాళ్ళుంటే ఒక్క మాట వినండి. ఇల్లంత రథం, మనిషెత్తు చక్రాలు. కళ్ళెం లేదు, బ్రేకు లేదు. ముందు జనం మోకులు పట్టి లాగుతారు, వెనక జనం మోకులు బిగబట్టి ఆపుతారు. అయినా దాన్ని నిజంగా నిలబెట్టేది చక్రం ముందుకి జరిపే ఒక తుమ్మచెక్క. ఒకవైపు పలచగా, రెండోవైపు మందంగా, పక్కనుంచి తొయ్యడానికి పొడుగాటి పిడితో ఉంటుంది. గోవిందా అని అరిచే అన్ని వేల గొంతుల్లో దాని పేరు ఎవరూ ఎత్తరు.

రథానికి ముందురోజు సాయంత్రం పురాణం అయిపోయి అందరూ లేచారు. వకుళ మాత్రం కూచునే ఉంది. వకుళ హైస్కూల్లో డ్రిల్ టీచరు, ఆచారిగారికి పాత శిష్యురాలు. ఆవిడ విజిల్ ఊదితే మైదానం అవతల మేస్తున్న గేదెలు కూడా తలలెత్తి వరసలో నిలబడతాయని స్కూల్లో నవ్వుకునేవారు. అలాంటి మనిషిని దగ్గు పట్టుకుంది. మందులకి లొంగలేదు, మెట్టు ఎక్కితే ఆయాసం. సిగరెట్టు పొగ ఎరగని మనిషికి ఊపిరితిత్తుల కేన్సర్ అని తేలింది, అప్పటికే ఎముకల్లోకి పాకింది. మెడలో విజిల్ వేలాడుతూనే ఉంది, ఊదడానికి ఊపిరే లేదు.

పట్నంలో డాక్టర్ ఉమైరా ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. "దీన్ని తోలుతున్న జన్యువు ఏదో దొరికిందండీ. సరిగ్గా దాన్నే పట్టి ఆపే మాత్ర ఉంది" అన్నారు. రోజుకొక మాత్ర. కొన్ని వారాలకి దగ్గు వెనక్కి తగ్గింది. నెలలు తిరిగేసరికి మైదానంలో విజిల్ మోగింది, గేదెలు తలలెత్తాయి. అలా ఏళ్ళు గడిచాయి. ఒంటిమీద దద్దుర్లు లేచేవి, గోళ్ళ మొదళ్ళు వాచి మంటెత్తేవి, ఓర్చుకుంది. మొన్నటి స్కాన్ చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపారు. "కంటికి ఆనేది ఏమీ లేదు వకుళగారూ!" ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. "మాత్ర మాత్రం ఆపకండి. జబ్బు పోయిందని నేననడం లేదు, లేవకుండా పట్టి ఉంచుతున్నాం. ఎప్పుడైనా ఈ మాత్ర పట్టు సడలితే మళ్ళీ పరీక్ష చేసి ఇంకో దారి చూద్దాం." మొదటి మాట వకుళ చెవిలోంచి సూటిగా గుండెలోకి దిగింది. రెండోది చెవి దగ్గరే నిలబడిపోయింది.

వకుళ కొంగుముడి విప్పి, మాత్రల డబ్బా తీసి గురువుగారి ముందు పెట్టింది. "రేపు రథం మండపం చేరగానే దీన్ని స్వామి హుండీలో వేసేస్తానని మొక్కుకున్నానండీ. జబ్బు తగ్గితే వెండి కన్ను వేసేవాళ్ళున్నారు, వెండి కాలు వేసేవాళ్ళున్నారు. నేను మందే వేసేస్తాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఒక్కటే అనుమానం. స్వామి నయం చేశాక కూడా రోజూ మాత్ర మింగుతూ కూచుంటే ఆయన్ని నమ్మనట్టు కాదా? పైగా ఎప్పుడో పట్టు సడలిపోయే మందేనట. అలాంటిదాన్ని ఎన్నాళ్ళని పట్టుకు వేలాడటం?"

ఆమె గొంతులో భయం లేదు, పండగ ఉంది. పెళ్ళికూతురు ముహూర్తం చెప్పినట్టు చెప్పింది. ఆచారిగారు డబ్బా తీసుకుని చెవి దగ్గర ఊపి, లోపల మాత్రలు గలగలమనడం విని, తిరిగి ఆమె చేతిలోనే పెట్టారు.

"రేపు పాతచీర కట్టుకో. కొంగు బిగించి దోపుకో. కుడి చక్రం దగ్గరికి రా."

"మరి నా ప్రశ్న?"

"దాన్ని కూడా వెంటబెట్టుకు రా."

తెల్లారింది. ఏం తెల్లారడం అది! డప్పులు, సన్నాయిలు, కొండంతా గోవిందనామం. రథం మీద బంతిపూల దండలు, దండల నడుమ ఉభయనాంచారులతో స్వామి. మోకుల మీద చేతులు ఆనించడానికి చోటు లేదు. వకుళ జనాన్ని తోసుకుంటూ కుడి చక్రం దగ్గరికి చేరేసరికి ఆచారిగారు పంచె ఎగగట్టి నిలబడి ఉన్నారు. పక్కనే గోనెపట్టా మీద అడ్డుచెక్కలు. ఆయన ఒకటి తీసి ఆమె చేతికిచ్చారు.

"ఈ ఏడు ఈ చక్రం నీది."

ఎడమ చక్రం దగ్గరున్న ఆయన తమ్ముడి కొడుకు విరూపాక్షి ఇది చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పెదనాయనా, ఆడమనిషి చేత చెక్క వేయిస్తావా? డ్రిల్లు మేడమ్‌గారూ, ఇది ఖోఖో కాదండోయ్!"

"రథం మీద అమ్మవార్లు ఇద్దరు కూచున్నారు గదరా," అన్నారు ఆచారిగారు. "ముందు వాళ్ళని దింపేసి రా, తరవాత ఈవిడ సంగతి చూద్దాం."

చుట్టూ నవ్వులు లేచాయి. విరూపాక్షి కూడా నవ్వేశాడు. "సరే మేడమ్, చక్రానికి ఎదురుగా వెళ్ళొద్దు. పక్కనుంచే తొయ్యండి. కాలు లోపలికి పెట్టారో, నేను విజిల్ ఊదుతా!"

రథం కదిలింది. బల్లపరుపు వీధిలో చెక్కకి పెద్ద పని లేదు. పది అడుగులకోసారి అటు తట్టి, ఇటు తట్టి, దారి సరిచెయ్యడమే. వకుళకి చేతులు కుదిరాయి. ఒళ్ళంతా చెమట, మొహమంతా నవ్వు. దక్షిణపు మలుపు వచ్చింది. సింగరాద్రి వాళ్ళకి అక్కడ గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే అక్కడినుంచి వీధి కిందికి జారుతుంది. ఆ వాలు మధ్యలోనే స్వామికి హారతి. లాగేవాళ్ళు మోకులు వదిలేసి పక్కలకి పరుగెత్తారు. వెనకవాళ్ళు మడమలు నేలలో దిగేసి బిగబట్టారు. అయినా రథం ఆగదే! ఇరుసులు మూలుగుతున్నాయి, గంటలు గలగలమంటున్నాయి, పూలదండలు ముందుకి ఊగుతున్నాయి. మేడల మీదినుంచి జనం "చెక్క! చెక్క!" అని ఒకటే కేక.

వకుళ ఒంగింది. పిడి రెండు చేతులా పట్టి చక్రం ముందుకి తోసింది. అటునుంచి విరూపాక్షి తోశాడు. చక్రం చెక్క అంచు ఎక్కింది, కిర్రుమంది, ఒక్క క్షణం ఎటూ తేల్చుకోనట్టు ఊగింది.

ఆగింది.

చూడాలండీ అప్పుడు ఆ వీధి! గోవిందా అన్న కేకకి కొండమీద పావురాలు లేచిపోయాయి. వకుళ ఎగిరి గంతేసింది. "ఆగింది గురువుగారూ! నా చేత్తో ఆగింది!"

ఆచారిగారు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఆగింది కదా. ఇంక చెక్కతో ఏం పని? తీసి నెత్తిన పెట్టుకుని ఎగురు."

ఆ సంబరంలో వకుళ ఒంగి పిడి పట్టుకుంది కూడా. పట్టుకున్న చేతులకి ఏదో తగిలింది. పిడి సన్నగా వణుకుతోంది. పైనుంచి చూస్తే రథం రాయిలా నిలబడింది. కింద చెక్కలో మాత్రం దాని బరువంతా తిరుగుతూనే ఉంది, వాలు పిలుస్తూనే ఉంది. తుమ్మచెక్క పళ్ళు బిగించి మోస్తోంది. చక్రానికి ఎదురుగా, వాలు పొడుగునా, చంటిబిడ్డల్ని భుజాల మీద ఎక్కించుకుని, కొబ్బరికాయలు పట్టుకుని, ఊరు ఊరంతా నిలబడి ఉంది.

"తీస్తే?" అంది వకుళ.

"నన్నడుగుతావేం తల్లీ? ఆగిందన్నది నువ్వే."

ఆమె తల పైకెత్తింది. హారతి వెలుగులో స్వామి చల్లగా చూస్తున్నాడు. ఆయన పైనున్నాడు, చెక్క కిందుంది. ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు ఉన్నట్టేమీ కనబడలేదు. ఆమె చెయ్యి తనంతట తానే నడుము దగ్గర దోపుకున్న కొంగుముడి మీదికి వెళ్ళింది. అప్పుడే ఇంకొకటి కూడా చూసింది. తీసెయ్యమని అంత ధీమాగా చెప్పిన గురువుగారి కుడిపాదం మొదటినుంచీ ఆ పిడిని గట్టిగా తొక్కిపట్టే ఉంది.

నవ్వబోయింది. ఇంతలో చెక్కలోంచి టప్పుమని చప్పుడు. పలచటి అంచునుంచి మందం దాకా నిలువునా ఒక పగులు పాకింది. రథం జానెడు జరిగింది. జనంలో హాహాకారం. "మేడమ్!" అని అటునుంచి విరూపాక్షి అరిచాడు.

పగిలిపోయిందే, ఇంకేముంది అని వకుళ చేతులు వదిలెయ్యలేదండీ. పరిగెత్తలేదు, ఏడవలేదు. మైదానంలో పిల్లల మీద కేకేసినట్టు గర్జించింది. "ఇంకోటి!"

ఆచారిగారు అప్పటికే వంగి ఉన్నారు. కొత్త చెక్క చేతికందింది. ఆమె దాన్ని పాతదాని పక్కనే తోసి, ఒళ్ళంతా వాల్చి నొక్కింది. చక్రం దాని అంచు ఎక్కింది, మూలిగింది, నిలబడింది. పగిలిన చెక్కని ఆచారిగారు ఊడలాగి పక్కన పడేశారు.

హారతి సాగింది. ఎవరికీ తొందర లేదు. గంట మోగింది, కర్పూరం వెలిగింది, పైనుంచి అర్చకుడు పూలు చల్లితే సగం వకుళ జుట్టులో పడ్డాయి. చెమటలో తడిసి, మట్టికొట్టుకుని, నిండా ఊపిరి పీల్చుకుంది. మెడలో విజిల్ నోట పెట్టుకుని ఊదిందండీ ఒక్క ఊదు! సన్నాయివాళ్ళు ఆగి చూశారు. "రైట్, రైట్!" అని విరూపాక్షి చెయ్యి ఊపాడు. లాగేవాళ్ళు నవ్వుతూ మోకులు అందుకున్నారు. అక్కణ్ణుంచి ఆ వాలంతా అంతే. చెక్క కొంచెం సడలించడం, రథం రెండడుగులు నడవడం, మళ్ళీ చెక్క. ఆగుతూ, నడుస్తూ, ఆగుతూ, స్వామి ఇంటింటి హారతీ అందుకుంటూ వచ్చాడు. ఒక్కసారిగా జారిపోతే ఏ గడప ముందు నిలబడేవాడు?

మండపం దగ్గర హుండీ ముందు పెద్ద వరస. వకుళ వంతు వచ్చింది. ముడి విప్పింది, డబ్బా తీసింది, మూత తిప్పింది. ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, డబ్బా మళ్ళీ కొంగులో గట్టిగా ముడేసి, అర్చకుడి ముందు చెయ్యి చాపింది.

"తీర్థం కాస్త ఎక్కువ పొయ్యండి స్వామీ. మాత్ర వేసుకోవాలి."

ఆయన ఉద్ధరిణెతో పోశాడు. ఆమె కళ్ళు మూసుకుని మింగింది. తరవాత తలలో ఇరుక్కున్న బంతిపూరేకులు ఏరి, హుండీ మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది.

బయట అరుగు మీద ఆచారిగారు చెక్కలు గోనెపట్టాలో చుడుతున్నారు. వకుళ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, పగిలిన చెక్కని చేతిలోకి తీసుకుని నిమిరింది. దాని మీద తనకి చాలా ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఇది మాత్రం బాగా మోసిందండీ" అంది.

"మోసింది."

చెక్కని ఆయన చేతికిస్తూ అడిగింది. "గురువుగారూ, ఆ వాలు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుందిగా?"

"ఎక్కడికి పోతుందమ్మా? రథం కూడా ఆ వీధినే వస్తుంది." ఆచారిగారు మూట భుజానికెత్తుకున్నారు. "రేపు బడి అయ్యాక ఇటు రా. మంచి తుమ్మమొద్దు ఒకటి చూసిపెట్టుకోవాలి."