దూలయ్య అడిగిన పలుపు

దండకొండ అడవికి తూర్పు కొసన, మనుషులు మూసేసి వెళ్ళిపోయిన నూనెమిల్లు ఒకటి ఉండేది. తాళం వేసినవారు కరెంటు తీయించడం మరిచారు. ఆ మరపు పుణ్యమా అని గొడౌనులో మిగిలిన రెండు టీవీలూ, రెండు గేము పెట్టెలూ, గోనెసంచి నిండా డిస్కులూ అడవి జంతువుల పాలయ్యాయి. పెట్టెల్లో ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నల్లపెట్టె డిస్కు తెల్లదానిలో ఆడదు, తెల్లపెట్టె డిస్కును నల్లది ముట్టదు. ఇంకేం కావాలి? అడవి నిలువునా రెండుగా చీలింది.

నల్లపెట్టె పక్షానికి అడవిపంది ముట్టెయ్య పెద్ద. తెల్లపెట్టె పక్షానికి కోతి తోకన్న పెద్ద.

"మా పెట్టెలో రథం పరిగెత్తితే చక్రాల కింద దుమ్ము లేస్తుందిరా, దుమ్ము!" అనేవాడు ముట్టెయ్య.

"బురదలో పొర్లేవాడికి దుమ్మే గొప్ప మరి! మా పెట్టెలో చినుకు పడితే ఆకు వణుకుతుంది. వచ్చి చూసి పో!" అనేవాడు తోకన్న.

"చేతులున్నవాడు ఎవడైనా ఆడతాడు. గిట్టలతో ఆడి గెలిచినవాడే మొనగాడు!"

"గెలిచావా? ఎప్పుడు? మేమంతా నిద్రపోయినప్పుడా?"

ఈ రభసలో ఏ పక్షమూ ఎరుగనివాడు ఎద్దు దూలయ్య ఒక్కడే. గానుగ దూలానికి కట్టుబడి, కళ్ళకు గంతలతో పద్నాలుగేళ్ళు ఒకే వలయంలో తిరిగి, వయసు మళ్ళాక యజమాని వదిలిపెడితే అడవి అంచున చేరిన జీవి అతడు. గోనెసంచిలోని డిస్కులు పంచుకున్నప్పుడు ఒకటి ఎవరికీ పట్టక మిగిలింది. అందులో ఒక చిన్న పడవ, దాని చుట్టూ సముద్రం, అంతే. "కొట్టడానికి శత్రువే లేని ఆట ఏం ఆట?" అని అందరూ పెదవి విరిచారు. అలా ఆ డిస్కు దూలయ్యది అయింది. వారానికొక పూట తెల్లపెట్టె దగ్గర అతని వంతు.

మొదటిరోజు అతడు కంట్రోలరు మీది పుల్లను మూతితో మెల్లగా ముందుకు తోశాడు. పడవ కదిలింది. కాసేపటికి, అలవాటు చొప్పున, తల కుడివైపు వంచాడు. తిరగాలి కదా! కానీ మలుపు రాలేదు. ఎవరూ అదిలించలేదు. పడవ తిన్నగా పోతూనే ఉంది. ఎదుట నీరు, ఆ నీటి వెనుక నీరు, దాని వెనుక నీరే ఆకాశమైపోయిన చోటు. పద్నాలుగేళ్ళలో తాను నడిచిన దూరాన్నంతటినీ విప్పి ఒక్క గీతగా పరిస్తే ఇక్కడిదాకా వచ్చి ఉండేదేమో అనిపించింది దూలయ్యకు. నోట్లోని నెమరు ఆగిపోయింది. సూర్యుడు నీళ్ళలోకి దిగుతూ ఎర్రటి బాట ఒకటి పరిచాడు. ఆ బాట ఏ పడవ కోసమో పరిచినది కాదు, తన కోసమే అన్నట్లుగా ముక్కు కొసదాకా వచ్చి ఆగింది. లోకం ఇంత పెద్దదని తనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మి ఉండేవాడు కాడు.

ఆనాటి నుంచి మిగిలిన ఆరు రోజులూ ఆ ఒక్క పూట కోసమే బతికాడు.

ఇట్లా ఉండగా, ఒకనాటి ఉదయం కాకి కావమ్మ మిల్లు కప్పు మీద వాలింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అడవికంతా తెలుసు.

"విన్నారా, విన్నారా! కొండవతల కంపెనీవారు ఇక డిస్కులు చేయరట! ఆటలన్నీ గాలిలోంచే దిగుతాయట! డిస్కులు పట్టుకు తిరిగేవాళ్ళని చూసి బయట అడవులన్నీ నవ్వుతున్నాయట!"

"ఎవరు చెప్పారక్కా?" అని అడిగాడు దూలయ్య.

"చెప్పేదేమిటి, అందరూ అనుకుంటున్నారు!"

ఆ కబురు చల్లారకముందే, భుజాన పలకలాంటి యంత్రం ఒకటి వేలాడదీసుకుని నక్క జిత్తప్ప దిగాడు. వంగి వంగి అందరికీ నమస్కరించాడు. నక్క వినయాలు అడవికి కొత్త కాకపోయినా, భుజాన ఉన్న యంత్రం మాత్రం కొత్తది.

"అయ్యలారా, అమ్మలారా! కంపెనీవారు నన్ను ప్రతినిధిగా పంపారు. మీ డిస్కులు నాకు అప్పగించండి. అవే ఆటలు, వాటితోపాటు మరో వెయ్యి, ఈ క్షణమే మీ పెట్టెల్లోకి దింపుతాను. గీతలు పడవు, పోవు, వంతుల కోసం కాచుకోనక్కరలేదు."

"రెండు పెట్టెలకూనా?" అన్నాడు తోకన్న, కళ్ళు చికిలించి.

"రెండింటికీ. అయితే ఎవరు ముందొస్తే వారి పెట్టెకు కొత్త ఆటలు ముందొస్తాయి."

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ ఆ శ్రమ నక్క తీసుకున్నాడు. ముట్టెయ్య తన డిస్కులన్నీ మూతితో నెట్టుకుంటూ పరుగున వచ్చాడు. తోకన్న అతని వీపు మీదనుంచి దూకి ముందు నిలబడ్డాడు. యంత్రం మీద బారెడు రాత కనిపించింది. దాని అడుగున "సమ్మతమే" అని ఒక గుర్తు.

"ఇందులో ఏముంది బాబూ?" అన్నాడు ముట్టెయ్య.

"మర్యాద మాటలు బావగారూ. డెబ్బైమూడు పుటలు. చదివేలోగా కోతి ముందైపోతాడు."

ముట్టెయ్య గిట్ట వేశాడు. తోకన్న చేయి వేశాడు. ఇద్దరి వెనుకా అడవంతా కాళ్ళు వేసింది. డిస్కులన్నీ మళ్ళీ ఆ పాత గోనెసంచిలోకే చేరాయి. "వీటితో ఇక పనేముంది!" అంటూ జిత్తప్ప ముట్టెయ్యకు ప్రాణమైన రథాల డిస్కును పైకెత్తి, అందరి ఎదుటా ఫటుక్కున విరిచాడు. ముట్టెయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. కానీ అదే క్షణంలో అదే ఆట తెరమీద వెలిగేసరికి నవ్వేశాడు.

నిజానికి ఆ సంబరం చూడదగ్గదే. తెరల మీద ఎవరూ చూడని నగరాలు లేచాయి, మంచుకొండలు దొర్లాయి, నక్షత్రాల మధ్య ఓడలు నడిచాయి. పిల్ల జంతువుల నుంచి ముసలి ఎలుగు దాకా నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. దూలయ్య కూడా నిలబడ్డాడు. అతని డిస్కు మాత్రం ఇంకా అతని గిట్ట కిందే ఉంది.

"మీదొక్కటే మిగిలింది మావా" అన్నాడు జిత్తప్ప తియ్యగా. "మీ సముద్రానికి పది సముద్రాలిస్తాను."

దూలయ్య గిట్ట తీయలేదు.

"జిత్తప్పగారూ, నేను చదువుకున్నవాణ్ణి కాను. కానీ మూడుసార్లు అమ్ముడుపోయినవాణ్ణి. కొనడమంటే ఏమిటో కొన్నవాడికన్నా నాకే ఎక్కువ తెలుసు. సంతలో బేరం ఎంత కుదిరినా, అమ్మినవాడు నా పలుపు తీసి కొన్నవాడి చేతిలో పెట్టేదాకా నేను పాతవాడి పశువునే. పెట్టిన మరుక్షణం, నన్ను దూడనాటి నుంచి సాకినవాడు పేరుపెట్టి పిలిచినా వెనక్కి రావడానికి లేదు. అంత బలం ఉంది బాబూ ఆ తాడుకు. అందుకని అడుగుతున్నాను. వీళ్ళందరికీ ఆటలిచ్చారు సరే, పలుపు ఏది?"

గొడౌనులో తలలన్నీ నక్కవైపు తిరిగాయి.

"ఇది గాలి సరుకు మావా. దీనికి పలుపేమిటి!" అని నవ్వాడు నక్క.

సంతల్లో దళారులు చేతిగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని రహస్యంగా బేరాలాడడం దూలయ్య చిన్ననాటి నుంచీ చూశాడు. దళారిని బతిమాలితే గుడ్డ తీయడనీ, వాడి పౌరుషం మీద కొడితే వాడే తీసి చూపిస్తాడనీ ఎరుగును.

"అయితే ఇచ్చిన ఆటల్ని వెనక్కి తీసుకునే అధికారం కంపెనీవారిదన్నమాట" అన్నాడు సాలోచనగా. "అదీ న్యాయమే. ఊరూరా తిరిగి కబురు మోసేవారి చేతికి అంతటి శక్తి ఎవరిస్తారు? మీరేం చేస్తారు పాపం."

"కబురు మోసేవాణ్ణా?" జిత్తప్ప తోక నిక్కింది. "నేనా?"

"కోప్పడకండి. కావమ్మక్కా మోస్తుంది, మీరూ మోస్తున్నారు. తప్పేముంది?"

కాకితో పోలిక నక్కకు కారం రాసినట్లయింది. "చూడు! కళ్ళున్నాయిగా, చూడు!" అంటూ యంత్రం మీద ఒక్క వేలు నొక్కాడు.

నగరాలు పోయాయి. మంచుకొండలు పోయాయి. నక్షత్రాలు ఆరిపోయాయి. రెండు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి. తెల్లపెట్టెకూ నల్లపెట్టెకూ తేడా లేని మొదటి క్షణం అదే. అంతకుముందు వెయ్యి లోకాలు పుట్టించిన వేలే ఒక్క నొక్కుతో వాటిని మింగేయడం చూసి అడవికి ఊపిరి ఆడలేదు. దూలయ్యకు సైతం ఒళ్ళు జలదరించింది. ఇంత పొడవైన పలుపును అతడు ఏ సంతలోనూ చూడలేదు. కొండ అవతలి నుంచి వచ్చింది అది, కంటికి కనపడదు, అడవి మెడలన్నిటికీ ఒకేసారి తగిలింది.

"నా రథాలు..." అన్నాడు ముట్టెయ్య, చీకటి తెరను మూతితో తాకుతూ. "ఒరేయ్ జిత్తప్పా, నా రథాలు ఏవిరా?"

తాను గుడ్డ తీసి చూపించానని నక్కకు అప్పుడు అర్థమైంది. "ఇదిగో, మళ్ళీ వేస్తాను, వేస్తాను! మీరంతా సమ్మతమేనని కాలు వేశారు! డెబ్బైమూడు పుటల్లో రాసే ఉంది!"

"నేను వేయలేదు" అన్నాడు దూలయ్య. వెళ్ళి సంచికీ నక్కకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

తోకన్న ఒక్క గెంతులో సంచి మూతి పట్టుకున్నాడు. ముట్టెయ్య కోరలు దించాడు. నూనెమిల్లు దొరికింది మొదలు ఆ ఇద్దరూ ఒకే వైపు నిలబడడం అదే ప్రథమం.

సంచి దక్కింది. విరిగిన డిస్కు మాత్రం విరిగినట్లే ఉండిపోయింది. ముట్టెయ్య ఆ రెండు ముక్కలూ కలిపి చూసి, కలవక పక్కన పెట్టాడు.

"మా వైపు రా" అన్నాడు తోకన్న, ఎటో చూస్తూ. "మా పెట్టెలోనూ రథాల ఆట ఒకటుంది. దుమ్ము లేవదు. ఏం చేస్తాం, సర్దుకో."

"చూద్దాం, ఆకులు వణుకుతాయన్నావుగా" అని గొణుగుతూ కదిలాడు ముట్టెయ్య.

జిత్తప్ప ఖాళీ చేతులతో కొండదారి పట్టాడు. అడవి దాటకముందే అతని యంత్రం కీచుమంది. పని చెడగొట్టిన ప్రతినిధికి ఇక ఆ పరికరం మీద అధికారం లేదంటూ కొండవతల ఎవరో, ఎక్కడినుంచో, ఒక్క వేలు నొక్కారు. అతని చేతిలోనే పలక నల్లబడింది. ఎంత నొక్కినా వెలగని ఆ పలకలో తన ముఖమే తనకు కనిపిస్తుంటే, నక్క నడిదారిలో చాలాసేపు నిలబడిపోయాడు.

నీతి: ఇచ్చినవాడు నిన్నడగకుండా వెనక్కి లాక్కోగలిగితే, నువ్వు చేసింది కొనుగోలు కాదు, అద్దె.