పాపాయమ్మ గడపకు తొలి వాయనము

పసిబిడ్డ తల్లికి అన్నిటికన్న పెద్ద భయమొక్కటే: ఒడిలోని బిడ్డకు ఏమగునో అని. ఆ భయము పుట్టినప్పుడు కళ్లకన్న ముందు నోరు పరుగెత్తును. అట్టి నోటికి నిదానమును, ఊరికి నెమ్మదిని ఇచ్చు నోము కలదా అని శాంతవ్రతుడను ముని అడుగగా, వేదగర్భ మహర్షి చిరునవ్వు నవ్వి, "కలదు నాయనా, నిదానగౌరి నోము. దానిని నోచిన మాణిక్యాంబ కథ చెప్పెదను, అక్షతలు చేతబట్టి వినుము" అని ఇట్లు చెప్పెను.

పూర్వము గోరింటపురమను ఊరిలో మాణిక్యాంబ అను చిన్న ఇల్లాలు కలదు. ఆమెకు నాలుగు నెలల ఆడబిడ్డ. ఆ వీధిలోనే పాపాయమ్మ అను ఒంటరి ముసలమ్మ ఉండెను. అమ్మవారి సంబరమునకు ప్రసాదము వండునది ఆమెయే, ఊరి పసివారికి కాళ్లు చాపి నీళ్లు పోయునదియు ఆమెయే. ఆమె చేతి నీళ్లు పడనిదే మాణిక్యాంబ బిడ్డ పాలు తాగదు, నిద్దుర పోదు.

ఒక ఏట సంబరమునాడు పాపాయమ్మ ఇత్తడి గుండిగలో పులిహోర కలిపెను. తిన్నవారిలో ముప్పదిమందికి వాంతులాయెను. మాణిక్యాంబకును ఆయెను. ఆమె బిడ్డ గుక్కపట్టి ఏడ్వగా, వీధిలోకి పరుగెత్తి, "పాపాయమ్మ చెయ్యి మంచిది కాదు! నా బిడ్డకేమైనా ఐతే ఎవరిది పూచీ?" అని అరచెను. వీధి మొదట ఆమె అన్న మాట, వీధి చివరకు "మందు పెట్టినదట" ఆయెను.

కొందరు ఔననిరి, కొందరు కాదనిరి. ఊరు రెండు చీలికలాయెను. అమ్మవారికి రెండు దీపములు, రెండు హారతులు; సంబరము నడుమనే ఆగిపోయెను. పాపాయమ్మ తలుపు వేసికొనెను. ఆమె గడప తొక్కువారు లేరు, పొయ్యికి నిప్పు ఇచ్చువారును లేరు. అంతట ఏమాయెను? నీళ్లు పోయు చెయ్యి లేక వీధి పసివారందరును ఏడుపు లంకించుకొనిరి. మాణిక్యాంబ బిడ్డ పాలు ముట్టక చిక్కిపోయెను.

మాణిక్యాంబ అత్తగారు పేరిందేవమ్మ. ఎవరెంత గోల చేసినను ఆ మహాతల్లి గొంతు పెరుగుట ఎవరును ఎరుగరు. కోడలిని పిలిచి, "ఏమే, ఆవిడ మందు కలుపుతుంటే కళ్లారా చూశావుటే?" అని అడిగెను.

"లేదత్తయ్యా."

"మరి వెళ్లని పెళ్లిలో పప్పు మాడిందన్నట్టుంది నీ వరస!"

ఆపై నిదానగౌరి నోము తీరు చెప్పెను. తెల్లవారినది మొదలు దీపము పెట్టువరకు ఒకరి తప్పు పలుకరాదు. రెండు పక్షములవారును ఒక్క దీపము ముందు కూర్చుండవలెను. పసుపుగౌరిని తాకి, ఎవరు కళ్లతో చూచినది వారు, అంతమాత్రమే చెప్పవలెను. పిమ్మట అందరును కలిసి మొక్కి, తొలి వాయనము మాటపడినవారి గడపకే పోయి ఇయ్యవలెను. ఆ వాయనమునకు ముత్తైదువ, కాదు అను భేదము లేదు.

పేరిందేవమ్మ ఇంటింటికిని పోయి బొట్టు పెట్టి పిలువగా రెండు పక్షములవారును వచ్చిరి. మాణిక్యాంబ వంతు రాగా గౌరిని తాకి, "నేనేమీ చూడలేదు" అనెను. సిగ్గుచేత తొలి వాయనము ఊరిపెద్ద భార్యకు ఇచ్చెను. నోము తప్పెను. మరునాటికి బిడ్డ ఏడ్చు ఓపికయును లేక మూలుగసాగెను. వైద్యుడిచ్చిన కషాయమును కక్కివేసెను.

అప్పుడు మాణిక్యాంబ అత్తగారి కాళ్లు పట్టుకొని, "చూశానత్తయ్యా! ఆ గుండిగ తోమింది నేనే. లోపల తగరపు కళాయి అంతా పోయి ఇత్తడి బయటపడింది. ఈ ఏటికి ఏమవుతుందిలే అనుకున్నాను" అని ఏడ్చెను. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుపు చిలుమెక్కి విషమగునని ఎరుగని ఇల్లాలు ఉండునా? చూపు మందగించిన పాపాయమ్మ, తోమినవారిని నమ్మి వండెను. మాణిక్యాంబయో, చూచినది దాచి, చూడనిది చాటెను.

పేరిందేవమ్మ కసరలేదు. "నాకెందుకే చెబుతావు? దీపం దగ్గర చెప్పు" అనెను.

ఆ సాయంకాలమే మరల ఒక్క దీపము వెలిగెను. మాణిక్యాంబ గౌరిని తాకి ఉన్నదున్నట్లు చెప్పెను. ఒక్కరును అరవలేదు. మందు పెట్టినదన్నవారు తలలు వంచిరి. మేము ముందే చెప్పితిమి అనబోయినవారు నోరు మూసికొనిరి. అందరును చేతులు జోడించి ఒక్కటిగా మొక్కిరి.

మాణిక్యాంబ బిడ్డను చంకనెత్తుకొని, శనగలు, పసుపు, తాంబూలము కొంగున పెట్టుకొని పాపాయమ్మ తలుపు తట్టెను. తలుపు తీసి ముసలమ్మ, "నా చెయ్యి మంచిది కాదుగా. మరి పిల్లను ఎవరి కాళ్లమీద వేస్తావే?" అనెను. మాణిక్యాంబ తన తప్పంతయు చెప్పుకొని బావురుమనెను.  పాపాయమ్మ వాయనము అందుకొని, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. దీని మాడు చూడు, ఎలా ఎండిపోయిందో! నా పొయ్యి ఆరి ఐదు రోజులైంది. నిప్పు పట్టుకురా, నీళ్లు కాచాలి" అని కాళ్లు చాపెను.

బిడ్డ నీళ్లు పోయించుకొని, కడుపార పాలు తాగి, ఆ గడపలోనే నిద్దురపోయెను. ఊరివారు గుండిగకు కళాయి పోయించి పాపాయమ్మ చేతికే ఇచ్చిరి. ఆగిన సంబరము సాగెను. పాడియు పంటయు ఊరిలో వృద్ధి పొందెను.

కావున నాయనా, పసిబిడ్డల తల్లులు, తగవు తీర్చు పెద్దలు, నలుగురిలో మాట చెల్లువారు, విన్నది విన్నట్టు మోయువారు, వీరందరును ఈ నోము నోచవలెను. నోచినవారి నోటికి నిదానము, ఇంటికి పాడి, బిడ్డకు నిద్ర, మాటపడినవారికి మానము కలుగును. కథ లోపమైనను వ్రతము లోపము కారాదు.

అమ్మలారా, అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, మీ వీధిలో ఈ మధ్య మాటపడినవారెవరో ఒక్కసారి తలచుకొనుడు. ఈ చేతులతోనే వెళ్లి, వారి పొయ్యి ఈ పూట వెలిగినదో లేదో చూచి రండు.